ఎముక రాచపుండు – సాధ్యాసాధ్య నిర్ణయ చరిత్ర

పదునాలుగేండ్ల బాలుడు మోకాలి పైభాగమున నొప్పియని చెప్పును. బంతియాటలో దెబ్బ తగిలినదని ఇంటిలోనివారు అనుకొందురు. తైలము రాచి కాపడము పెట్టుదురు. రెండు వారములకు నొప్పి తగ్గదు సరికదా, రాత్రివేళ నిద్రనైనను పట్టనీయదు. నెల గడచునప్పటికి మోకాలి చెంత గట్టిగా వాపు తేలును. అప్పుడు ఎక్స్‌రే తీయింతురు. ఆ చిత్రమును వెలుతురునకు ఎదురుగా పట్టి చూచిన వైద్యుని ముఖము మారును. తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు రెండే. ఇది ఏమి వ్యాధి? మా పిల్లవాడు బ్రతుకునా?

మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పుట వైద్యశాస్త్రము చాలకాలము క్రిందటనే నేర్చుకొన్నది. రెండవదానికి, శరీరమునుండి తీసిన ముక్కను చూచి సమాధానము చెప్పవలెనని జరిగిన ప్రయత్నముల చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

మన ప్రాచీన వైద్యులు చికిత్సకు పూనుకొనుటకు ముందు వ్యాధి సాధ్యమా, కృచ్ఛ్రసాధ్యమా, యాప్యమా, అసాధ్యమా యని విచారించెడివారు. అసాధ్యమని తెలిసియు చికిత్సకు దిగిన వైద్యునికి అపకీర్తి తప్పదనిరి. పాశ్చాత్య వైద్యులకును ఈ విచారణ క్రొత్తది కాదు. కాని వారు పందొమ్మిదవ శతాబ్దమున సూక్ష్మదర్శినిని చేతబట్టిన పిమ్మట, రోగి ముఖమును నాడిని విడిచి, వ్యాధి సోకిన ధాతువునే సాక్షిగా నిలువబెట్టి ప్రశ్నింపసాగిరి. ఆ సాక్షి ఎంతవరకు సత్యము చెప్పినది, ఎంతవరకు మన చెవులకు ఇంపైన మాట చెప్పినది అనునదే ఇందలి కథ.

నేడు ఆస్టియోసార్కోమా యని పిలువబడు ఈ రోగము అరుదైనది. పది లక్షలమందిలో ఏటికి మువ్వురికో నలుగురికో వచ్చును. కాని వచ్చుటకు అది ఎంచుకొను వయస్సు పది మొదలు ఇరువది వరకు. ఎముకలు త్వరత్వరగా పెరుగు ఆ కాలముననే, పెరుగుదల మిక్కిలిగా నుండు మోకాలి పై ఎముక క్రింది కొసయందో, క్రింది ఎముక పై కొసయందో, భుజము చెంతనో పుట్టును. క్రొత్త రోగమును కాదు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో దొరకిన పాదపుటెముక యొకటి సుమారు పదిహేడు లక్షల ఏండ్లనాటిది. మానవజాతికి దాయాదియైన ఒక ప్రాణి ఎముక అది. అందు ఈ వ్యాధి లక్షణములు ఉన్నవని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

దీనికి పేరు పెట్టినవాడు నెపోలియను ఆస్థానమున శస్త్రవైద్యుడైన అలెక్సిస్ బోయే. అది 1805వ సంవత్సరము. బెర్లినులో యోహానెస్ మ్యూలర్ 1838లో కంతుల సూక్ష్మనిర్మాణమును గూర్చి గొప్ప గ్రంథము వ్రాసి, కంటికి ఒకే విధముగా కనబడు గడ్డలు సూక్ష్మదర్శిని క్రింద వేరువేరు జాతులని చూపెను. 1879లో ఫిలడెల్ఫియా నగరమున శామ్యూల్ గ్రాస్ అను శస్త్రవైద్యుడు పొడవైన ఎముకలయందలి సార్కోమా గలవారు 165 మంది వృత్తాంతములను ఒకచోట కూర్చి, ఆలసింపక అవయవమును ఛేదింపవలెనని వాదించెను. వాదము సబబైనదే. కాని కాలు తీసినను, తీయకున్నను, ఎక్కువమంది ఏడాది రెండేండ్లలో శ్వాసకోశములకు వ్యాధి వ్యాపించి మరణించుచునే యుండిరి. ఎవరు మరణింతురు, ఎవరు మిగులుదురు అనునది ముందుగా చెప్పగలవారు లేరు. ఆ మాటకు వచ్చినచో, ఎందరు మిగులుచున్నారో లెక్కించినవారును లేరు.

లెక్కింపవలెనని పట్టుబట్టినవాడు బోస్టను నగరవాసి ఎర్నెస్టు కాడ్‌మన్. ఈతని కథ కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

కాడ్‌మన్ 1869లో జన్మించెను. సంపన్న కుటుంబము, హార్వర్డు విద్య, పెద్ద ఆస్పత్రిలో శస్త్రవైద్యుని పదవి; ఒక మనిషి సుఖముగా బ్రతుకుటకు కావలసిన దంతయు ఉండెను. కాని ఆయనకు ఒక పట్టుదల పుట్టినది. చికిత్స పొందిన ప్రతి రోగికిని ఒక కార్డు ఉండవలెను. ఏడాది గడచిన పిమ్మట ఆ రోగి ఎట్లున్నాడో విచారించి ఆ కార్డుపై వ్రాయవలెను. ఫలము చెడినచో ఎవరి వలన చెడినదో కూడ వ్రాయవలెను. ఈ మాట సహోద్యోగులకు రుచింపలేదని వేరుగా చెప్పనక్కరలేదు. 1911లో ఆయన సొంతముగా చిన్న ఆస్పత్రి పెట్టెను. 1916 వరకు అచ్చట చికిత్స పొంది వెడలిన 337 మంది ఫలితములను, అందు తాను గుర్తించిన 123 పొరపాట్లను అచ్చువేయించి పంచిపెట్టెను. తన పొరపాట్లను తానే అచ్చొత్తించి ఊరికి పంచిన వైద్యుని ఆ కాలమున గాని ఈ కాలమున గాని మరియొకని వెదకి చూపుట కష్టము. 1915లో ఒక వైద్యసభలో ఆయన పెద్ద వ్యంగ్యచిత్రమును తెరదీసి చూపెను. అందు ఉష్ట్రపక్షి యొకటి ఇసుకలో తల దూర్చి బంగారు గ్రుడ్లు పెట్టుచుండును. ఆ గ్రుడ్లను ఏరుకొనువారు వైద్యులు. సభ గగ్గోలైనది. మిత్రులు దూరమైరి.

ఇట్టి మనిషి చేతికి 1920లో ఎముక సార్కోమా గల రోగి ఒకడు వచ్చెను. ఆ కుటుంబమువారు ధనవంతులు. ఈ వ్యాధిని గూర్చి తెలియవలసినదంతయు తెలిసికొనుడని ధనసహాయము చేసిరి. కాడ్‌మన్ అమెరికాలోని శస్త్రవైద్యులకు లేఖలు వ్రాసెను. ఎముక సార్కోమా నయమై అయిదేండ్లు బ్రతికియున్న రోగి మీ ఎరుకలో ఎవరైన ఉన్నారా? ఉన్నచో వారి ఎక్స్‌రే చిత్రములను, ముక్క ఉన్న గాజుపలకలను, వృత్తాంతమును పంపుడు. ఈ విధముగా ఎముక సార్కోమా రిజిస్ట్రీ ఆరంభమైనది. న్యూయార్కునుండి జేమ్స్ యూయింగ్, బాల్టిమోరునుండి జోసెఫ్ బ్లడ్‌గుడ్ అను వ్యాధిధాతు శాస్త్రజ్ఞులు ఆయనతో చేరిరి.

గాజుపలకలు వచ్చి చేరినకొలది ఒక వింత బయలుపడినది. ఒకే పలకను ముగ్గురు నిపుణులకు పంపినచో మూడు పేర్లు వచ్చుచుండెను. నయమైనవని పంపిన అనేక రోగములు అసలు ప్రాణాంతకమైన సార్కోమాయే కావు. వానిలో పెక్కు రాక్షసకణములతో నిండిన వేరొక గడ్డ. అది సాధారణముగా శ్వాసకోశములకు ప్రాకి ప్రాణము తీయునది కాదు. దానిని తొలిచి తీసివేసిన చాలునని బ్లడ్‌గుడ్ అంతకుముందే పదేండ్లుగా చెప్పుచుండెను. అనగా, తీయనక్కరలేని కాళ్లు తీయబడినవి. ఆ తీసినందువలననే నయమైనదను కీర్తియు ప్రచారములోనికి వచ్చినది. రెండవ ప్రశ్నకు సమాధానము దొరకకుండుటకు తొలి కారణము మొదటి ప్రశ్నకు సరియైన సమాధానము లేకపోవుటయే. 1921లో యూయింగ్ వర్ణించిన చిన్న గుండ్రని కణముల గడ్డ, నేడు ఆయన పేరిటనే ప్రసిద్ధమైనది, ఈ గందరగోళమునుండి వేరుపడిన మరియొక వ్యాధి.

కాడ్‌మన్ 1940లో మరణించెను. ఆయన పేరిట సమాధిశిల యైనను నిలువలేదు. 2014లో వైద్యసంఘములవారు పూనుకొని కేంబ్రిడ్జి చెంతనున్న మౌంట్ ఆబర్న్ శ్మశానవాటికలో శిల నిలిపిరి. ఎక్స్‌రే చిత్రమున ఎముక పైపొర లేచి ఏర్పడు ముక్కోణమును మాత్రము వైద్యవిద్యార్థులు ఆయన పేరిటనే నేటికిని వల్లించుచున్నారు.

రిజిస్ట్రీ పుట్టిన 1920లోనే మేయో క్లినిక్కున బ్రోడర్స్ అను ఆయన పెదవి రాచపుండు కణములను నాలుగు తరగతులుగా విభజించి, తరగతి పెరిగినకొలది ఆయువు తరుగునని చూపెను. ఈ పద్ధతిని ఎముకకును పట్టింపజూచిరి. ప్రయోజనము స్వల్పము; ఏలయన ఈ రోగమున దాదాపు అందరి ముక్కలును చివరి తరగతులలోనే పడును. పరీక్షకు కూర్చున్న పిల్లలందరును ఒకే మార్కు తెచ్చుకొన్నచో ఆ పరీక్ష వలన ఎవరిని గూర్చి ఏమి తెలియును? ఎముక వెలుపలి తట్టున మెల్లగా పెరుగు ఒక శాంతమైన రకమును మాత్రము 1951లో గెషిక్టర్, కోప్‌లాండ్ అనువారు వేరుచేసిరి.

కణముల ఆకారము మాటాడకున్నచో, వాని రసాయనము మాటాడునేమో యని తరువాతివారు తలచిరి. లండనులోని లిస్టరు సంస్థలో రాబర్టు రాబిసన్ 1923లో ఎముకయందు ఒక ఎంజైమును కనుగొనెను. భాస్వరముతో కూడిన పదార్థములనుండి భాస్వరమును విడదీయుట దాని పని. దీనిని ఫాస్ఫటేసు అందురు. ఎముకను కట్టు కణములందు ఇది సమృద్ధిగా నుండును. అట్లయినచో ఎముకను వెర్రిగా కట్టు సార్కోమాలో ఇది ఎంత ఉండవలెను? ఫ్రాన్సీన్, మెక్‌లీన్ అను ఇరువురు గడ్డనుండి తీసిన ముక్కలలోను, రోగుల రక్తములోను దీనిని కొలిచి 1935లో ఫలితములు ప్రకటించిరి. ఎముకను కట్టు సార్కోమాలో ఇది మిక్కిలి హెచ్చు. అవయవమును తీసివేసినచో రక్తములో తగ్గును. శ్వాసకోశములకు వ్యాధి ప్రాకినప్పుడు మరల పెరుగును. 1939లో గొమోరి అను శాస్త్రజ్ఞుడు ఈ ఎంజైము ఉన్న చోటెల్ల గాజుపలకపై నల్లగా కనబడునట్లు చేయు ఉపాయము కల్పించెను. నా దృష్టిలో ఎముక రాచపుండునకు దొరకిన మొట్టమొదటి నిజమైన సూచిక ఇదియే. అరువదేండ్ల పిమ్మట, 1993లో, ఇటలీ దేశమున బొలోన్యా నగరపు రిజ్జోలీ సంస్థవారు వందలకొలది రోగులను పరిశీలించి, చికిత్సకు పూర్వము రక్తమున ఈ ఎంజైము హెచ్చుగా నున్నవారికి వ్యాధి తిరుగబెట్టుట ఎక్కువయని నిరూపించిరి.

భాస్వరమును కొలుచుట యనగానే తెలుగువారికి ఒక పేరు స్మరణకు రావలెను. భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యము చదివి బోస్టను చేరి, హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి రక్తమునందలి భాస్వరమును కొలుచు సులభపద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరుతో అది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటను వాడుకలోనికి వచ్చినది. ఆ రోజులలోనే, ఆ నగరముననే, కాడ్‌మన్ తన గాజుపలకలను ముందు పెట్టుకొని కూర్చుండెను. ఇరువురును ఎన్నడైన కలిసికొనిరో లేదో కాని, ఇరువురి పనియు అర్ధశతాబ్దము తరువాత ఒకే రోగి మంచము చెంత కలియవలసియుండెను.

అది చెప్పుటకు ముందు, చేతులు కట్టుకొని నిలుచున్న కాలమొకటి గడచినదని చెప్పవలెను. ఇంగ్లండులో సర్ స్టాన్‌ఫర్డ్ కేడ్ ఒక పద్ధతి అవలంబించెను. ముందు కిరణచికిత్స చేయుట. పిదప కొన్ని నెలలు వేచియుండుట. అప్పటికిని శ్వాసకోశములు నిర్మలముగా నున్నవారికే కాలు తీయుట. వేచియుండినంతలో వ్యాధి వ్యాపించినవారికి కాలు తీయరు. చనిపోవువారిని కుంటివారిని చేసి పంపనేల యను దయ అది. సూచికలేవియు లేనిచోట కాలమునే సూచికగా గైకొనుట. క్రూరమని తోచును గాని, ఆ కాలమున అంతకంటె నిజాయితీగల పద్ధతి లేదనియే నా అభిప్రాయము. 1967లో మేయో క్లినిక్కునుండి డాలిన్, కావెంట్రీ అనువారు ఆరువందలమంది రోగుల లెక్క ప్రకటించిరి. అయిదేండ్లు బ్రతికినవారు అయిదుగురిలో ఒక్కరు.

సుబ్బారావు గారు 1940లో లెడర్లే ప్రయోగశాలకు చేరిరి. ఆయన సోదరుడొకడు సంగ్రహణి వ్యాధితో మరణించియుండెను. ఆ వ్యాధిని మాన్పు ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి ఆయన బృందమువారు కృత్రిమముగా తయారుచేసిరి. దానికి ప్రతిగా పనిచేయు, అనగా కణములకు ఫోలిక్ ఆమ్లము అందకుండ చేయు ద్రవ్యములనుగూడ తయారుచేసిరి. వానిలో ఒకదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తపు రాచపుండు గల పదునారుగురు పిల్లలకు ఇవ్వగా పదిమందికి కొంతకాలము గుణము కనిపించినది. ఆ వార్త 1948 జూనులో వెలువడినది. ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కున నిద్రలోనే కన్నుమూసిరి. వయస్సు 53.

ఆ కుటుంబములో పుట్టిన మరియొక ద్రవ్యమే మెథోట్రెక్సేటు. అది సాధారణ మోతాదులో ఎముక రోగమును కదల్పలేదు. విషమైనంతటి పెద్దమోతాదు ఇచ్చి, ఒక దినము గడచిన పిమ్మట దానికి విరుగుడు ఇచ్చి, ఆరోగ్యకణములను రక్షించుట అను సాహసమును బోస్టనులో నార్మన్ జాఫీ, ఆయన సహచరులు చేసిరి. ఆ ఫలితములును, ఏడ్రియమైసిన్ అను ఎర్రని మందు ఫలితములును 1974లో ఒకేసారి ప్రచురితమైనవి. కెనడా దేశపు యువకుడు టెర్రీ ఫాక్స్‌నకు 1977లో కుడికాలు తీసినప్పుడు, బ్రతుకుటకు సగముపాలు అవకాశమున్నదనియు, రెండేండ్లకు పూర్వమైనచో అది నూటికి పదునైదే యనియు వైద్యులు చెప్పిరి. ఆ మాట విని ఆయన, 1980లో కృత్రిమపాదముతో 143 దినములు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. రోగపరిశోధనకు నిధి కూర్చుటకై. శ్వాసకోశములకు వ్యాధి ప్రాకుటతో పరుగు నిలిచినది. 1981 జూనులో మరణించెను. ఆ సగములో ఆయన ఏ వైపు నున్నాడో ముందుగా చెప్పగల సూచిక 1977లో ఎవరి చేతను లేదు.

అట్టి సూచిక ఆ సంవత్సరముననే, న్యూయార్కులో, దాదాపు యాదృచ్ఛికముగా పుట్టుచుండెను. మెమోరియల్ ఆస్పత్రిలో శస్త్రవైద్యులు కాలంతయు తీయక, రోగము గల ఎముకభాగమును మాత్రము తీసి లోహపుటెముకను అమర్చుటకు ఆరంభించిరి. కాని ఆ లోహపుటెముకను ఒక్కొక్క రోగి కొలతకు తగినట్లు వేరువేరుగా చేయవలెను. అందుకు రెండు మూడు నెలలు పట్టును. అంతకాలము రోగిని ఊరక ఉంచుట యెట్లు? కాబట్టి వైద్యుడు జెరాల్డ్ రోజెన్ ఆ వ్యవధిలో మందులు ఇచ్చుచుండెను. తరువాత తీసిన ఎముక వ్యాధిధాతు శాస్త్రజ్ఞుడైన ఏండ్రూ హ్యూవోస్ బల్లమీదకు వచ్చెడిది. కొన్ని ఎముకలలో గడ్డ దాదాపు అంతయు చచ్చియుండెను. కొన్నింటిలో మందు ముట్టినట్లే లేదు. హ్యూవోస్ దీనిని నాలుగు తరగతులు చేసెను. మొదటి తరగతిలో మందు ప్రభావము శూన్యప్రాయము. నాలుగవదానిలో బ్రతికిన కణము ఒక్కటియు లేదు. నూటికి తొంబదిపాళ్లకు మించి చచ్చినచో రోగి బ్రతుకు అవకాశము హెచ్చని తేలినది. తరువాతి దశాబ్దములలో అనేకదేశముల అనుభవము దీనినే బలపరచినది. తొంబదికి పైబడినవారిలో పదిమందికి ఏడెనిమిదిమంది నిలిచిరి. క్రిందివారిలో సుమారు సగము.

ఈ సూచికలోని సొగసు గమనింపదగినది. పూర్వపు సూచికలన్నియు గడ్డ ఏమిటని అడిగినవి. ఇది మాత్రము మందు తాకినప్పుడు గడ్డ ఏమి చేసినదని అడిగినది. బంగారమును చూచి చెప్పుట వేరు, గీటురాతిపై గీచి చెప్పుట వేరు.

మందులవలననే ప్రాణములు నిలుచుచున్నవా యను సందేహము ఆనాడు ఉండనే యుండెను. శస్త్రవైద్యము మెరుగగుటవలననే ఫలితములు మెరుగైనవని కొందరు పెద్దలు వాదించిరి. మందులు ఇచ్చినవారిని, ఇవ్వనివారిని చీటీలు వేసినట్లు విడదీసి చూచిన పరీక్షా ఫలితము 1986లో వెలువడినది. చీటీ ప్రకారము విడదీయబడినవారు 36 గురే. రెండేండ్లకు వ్యాధి తిరుగబెట్టకుండ ఉన్నవారు మందులు లేని పక్షమున నూటికి 17, మందుల పక్షమున 66. ఆ సందేహము అంతటితో సమసినది.

ఐనను హ్యూవోస్ గీటురాతికి ఒక లోపము కలదు. అది పది వారముల మందులు, పెద్ద శస్త్రచికిత్స అయిన పిదప గాని పలుకదు. మొదటిదినమున తీసిన చిన్నముక్కయే అంతయు చెప్పినచో ఎంత బాగుండును! 1975లో కోలర్, మిల్‌స్టైన్ అనువారు ఒకే జాతి ప్రతిరక్షకములను కోరినంత తయారుచేయు మార్గము కనుగొన్నందున ఈ ఆశకు రెక్కలు వచ్చినవి. ఒక్కొక్క ప్రతిరక్షకము ఒక్కొక్క మాంసకృత్తునే పట్టును. దానికి రంగు తగిలించినచో ఆ మాంసకృత్తు ఉన్న కణములు గాజుపలకపై గోధుమవన్నెతో మెరయును.

వీనిలో మిక్కిలి ఆశ గొల్పినది పి–గ్లైకోప్రొటీను. 1976లో టొరంటోలో జూలియానో, లింగ్ అనువారు కనుగొన్న ఈ మాంసకృత్తు కణపు పొరలో నిలిచి, లోనికి వచ్చిన మందును బయటికి తోడిపోయు ఏతము వంటిది. ఏతము గల కణము మందునకు చావదు. కాబట్టి ఏతములు గల గడ్డ గలవాడు బ్రతుకడు. తర్కము ఎంత చక్కగా నున్నది! 1995లో బొలోన్యా వైద్యులు 92 మంది రోగుల ముక్కలకు రంగు వేసి చూచి, సరిగా అట్లే జరుగుచున్నదని ప్రకటించిరి. ప్రపంచమంతట ఆశ చిగిర్చినది. పిదప అమెరికాలోని బాలల కాన్సరు వైద్యసమూహమువారు, ముక్కలను ముందుగా సేకరించి, ఫలితము తెలియకమునుపే రంగువేసి, తరువాత రోగులను కనిపెట్టి చూచిరి. 2007లో తేలినదేమన, ఆ రంగునకును రోగి గతికిని సంబంధము కానరాలేదు.

హెర్‌–2 అను మాంసకృత్తు కథయు ఇట్టిదే. 1999లో న్యూయార్కువారు దుశ్శకునమనిరి, మరికొందరు శుభమనిరి, ఇంకను కొందరు అది ఈ గడ్డలో లేనే లేదనిరి. దానిపై పనిచేయు మందును ఇచ్చి చూచిన పరీక్ష 2012లో ముగిసినది, ప్రయోజనము కనిపింపలేదు. ఈ వరుసలో వచ్చిపోయిన పేర్లు ఇంకను పెక్కు గలవు. వానినన్నిటిని వల్లించి శ్రోతలకు విసుగు కలిగింపను.

ఏల ఇట్లు జరిగినది? రోగము అరుదైనందున ఒక్క ఆస్పత్రిలో దొరకునవి నలుబదియో ఏబదియో ముక్కలు. ఒకచోట రంగు కొంచెము పట్టినను ఉన్నదనిరి, మరియొకచోట సగము కణములకైన పట్టవలెననిరి. ఎముక ముక్కను కోయుటకు ముందు ఆమ్లములో నానబెట్టి మెత్తపరుపవలెను. ఆ ఆమ్లము మాంసకృత్తులను పాడుచేయును. పైగా, సంబంధమున్నదని చెప్పు వ్యాసము అచ్చగును. లేదని చెప్పునది బల్లసొరుగులో నిలిచిపోవును. ఇట్టి పరిశోధనలను ఎట్లు నడుపవలెనో, ఏమేమి తప్పక వెల్లడింపవలెనో తెలుపు నియమావళి 2005లో వెలువడినది. కాడ్‌మన్ జీవించియున్నచో దానిపై మొదటి సంతకము ఆయనదే అయ్యెడిది.

మరియొక కారణము గడ్డలోనే యున్నది. యూయింగ్ గడ్డలో రెండు జన్యువులు తెగి ఒకదానితో నొకటి అతుకుకొనును; 1992లో దానిని విప్పి చూపిరి. ఆ అతుకు దాదాపు ప్రతి రోగిలోను కనబడును. అది రోగము పేరు చెప్పు సూచిక. ఆస్టియోసార్కోమాలో అట్టి ఒక్క తప్పు లేదు. 2011లో ఇంగ్లండునందలి కేంబ్రిడ్జి చెంత పరిశోధకులు, కొన్ని కాన్సరులలో క్రోమోసోము ఒక్కమారుగా ముక్కచెక్కలై అడ్డదిడ్డముగా అతుకుకొనుననియు, ఎముక కాన్సరులలో సుమారు నాలుగింట ఒకవంతున ఇది జరుగుననియు కనుగొనిరి. కుండ పగిలినప్పుడు పెంకులు ఏ రెండు కుండలలోను ఒకే తీరున ఉండవు. ఒక పెంకును చూచి కుండలన్నిటి గతి చెప్పబూనుట వలననే మన సూచికలు ఓడిపోయినవని నాకు తోచును. 2025 ఆరంభమున వెలువడిన పరిశోధన ఒకటి ఈ పగులుట యెట్లు నడచునో మరింత విశదముగా చూపి, జన్యురాశి మొత్తములో ఎంత భాగము జంటను పోగొట్టుకొన్నదను లెక్క రోగి గతిని సూచింపగలదని చెప్పినది. ఇతరులు దానిని సరిచూడవలసియున్నది.

ఇక, ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టము చెప్పెదను. హ్యూవోస్ గీటురాయి నిజమైనదే. అట్లయినచో తొంబదికి తక్కువ వచ్చినవారికి మందులు మార్చి, పెంచి ఇచ్చినచో వారు కూడ గట్టెక్కవలెను గదా? రోజెన్ 1982లోనే ఆ విధముగా చేసి మంచి ఫలితములు చెప్పెను. దానిని గట్టిగా పరీక్షించుటకు పదునేడు దేశములు 2005లో ఏకమైనవి. 2011 వరకు 2,260 మంది రోగులు నమోదైరి. గీటురాతిపై ఓడిన 618 మందిని చీటీల ప్రకారము రెండు పక్షములుగా చేసి, ఒకరికి పాత మూడు మందులే కొనసాగించిరి. రెండవవారికి మరి రెండు చేర్చిరి. 2016లో ఫలితము వచ్చినది. మూడేండ్లకు వ్యాధి తిరుగబెట్టక నిలిచినవారు ఒక పక్షమున నూటికి 55, రెండవ పక్షమున 53. అధికముగా దక్కినది బాధ యొక్కటే.

దీనికి తోడుగా 2007లో ఐరోపావారు మరియొకటి చూపియుండిరి. అవే మందులను దగ్గరదగ్గరగా ఇచ్చినందున గీటురాతిపై గెలిచినవారు నూటికి 36 నుండి 50కి పెరిగిరి. బ్రతికినవారి సంఖ్య మాత్రము పెరుగలేదు. ఉష్ణమాపకమును వేడినీటిలో ముంచినంతమాత్రాన గదిలోని చలి పోవునా? జ్యోతిష్కుడు గండమున్నదని చెప్పగలడు. ఆ చెప్పగలిగినందున గండము తప్పింపగలడని కాదు. ఈ రెండింటిని వేరుచేసి చూచుటకు వైద్యశాస్త్రమునకు నలుబదేండ్లు పట్టినది. ఆ చూచుట కూడ, ఫలము దక్కునో దక్కదో తెలియకయే సమ్మతించిన ఆ ఆరువందల పైచిలుకు పిల్లల వలన, వారి తల్లిదండ్రుల వలన సాధ్యమైనది.

కాబట్టి నేటికిని పద్ధతి హ్యూవోస్ నాటిదే. శస్త్రచికిత్స ముగిసిన పిదప ఎముక వ్యాధిధాతు శాస్త్రజ్ఞుని గదికి వచ్చును. దానిని రంపముతో నిలువున చీల్చి, మధ్యనుండి ఒక పలుచని పలకను తీయుదురు. పలకకు ఛాయాచిత్రము తీసి, దానిపై చదరంగపు బల్లవలె గడులు గీయుదురు. పలకను ఆ గడుల ప్రకారము ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు అంకె వేసి, ఆమ్లములో దినములకొలది నానబెట్టి, మైనములో పోతపోసి, వెండ్రుకకంటె పలుచని పొరలుగా కోసి రంగు వేయుదురు. పిమ్మట ఆయన సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి, గడి తరువాత గడిగా, చచ్చినదెంత, బ్రతికినదెంత అని లెక్కించును. ఆ లెక్క ముగియుటకు రెండు మూడు వారములు పట్టును. అంతవరకు ఆస్పత్రి వరండాలో ఎదురుచూచు తల్లికి నెక్రోసిస్ అను మాట తెలియనక్కరలేదు. ఆమె వైద్యుని చూడగనే, బడి పరీక్షల ఫలితములు అడిగినట్లే, మావాడికి ఎన్ని వచ్చినవని అడుగును.